జాయింట్ సెక్రటరీ గారి సన్మానం

“అడిగినదానికే సమాధానం చెప్పు. ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు,” అన్నాడు కృష్ణకాంత్ అద్దంలో కాలరు సర్దుకుంటూ.

రాగసుధ తలూపింది. చంకలో ఉన్న మూడేళ్ల స్నేహ తల్లి మెడను గట్టిగా వాటేసుకుంది. తండ్రి గొంతు వింటే చాలు, పిల్ల అలా బిగుసుకుపోతుంది.

“మన గోడకి చెమ్మ పట్టి కింద వాళ్ల సీలింగు తడుస్తోందని కావేరి గారు ఒకటే గోల. వచ్చి చూసుకుని పోతుంది. హాల్లో కెమెరా ఉంది, నా ఫోన్‌లో చూస్తుంటాను, గుర్తుంచుకో.”

అలా చెప్పి అతను డాబా మీదికి వెళ్లిపోయాడు.

తెనాలి బుర్రిపాలెం రోడ్డులోని ఆ అపార్ట్‌మెంటులో కృష్ణకాంత్ అంటే అందరికీ గౌరవమే. బాపట్లలో లెక్చరర్. నివాసుల సంఘానికి జాయింట్ సెక్రటరీ. గేటుకి కెమెరాలు పెట్టించిందీ, ఆగిపోయిన లిఫ్టు నడిపించిందీ అతనే. అందుకని ఈ ఆదివారం పొద్దున పదింటికి సంఘం డాబా మీద అతనికి సన్మానం పెట్టుకుంది. భార్యకి జ్వరమని అందరితో చెప్పాడు. రాగసుధకి జ్వరం లేదు. ఎడమ చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు, అంతే.

భర్త తర్వాత ఆమెకి అంత భయం కావేరి అంటేనే. కింది ఫ్లాటులో ఉంటుంది, సంఘం సెక్రటరీ, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. “నువ్వు బాల్కనీలో నిలబడ్డా ఆవిడ నాకు చెబుతుంది,” అని కృష్ణకాంతే ఒకసారి అన్నాడు. పోయిన నెల లిఫ్టులో ఆవిడ రాగసుధ మోచేతి మీద కమిలిన చోటు వంక చూసి, “మీది భట్టిప్రోలట కదా. అక్కడెవరమ్మాయివి? మీ అమ్మగారి పేరేంటి?” అని ఆరా తీసింది. ఆ సంగతి భర్త చెవిన పడుతుందేమోనని రాగసుధకి రెండు రోజులు అన్నం సయించలేదు.

బెల్లు మోగింది.

కావేరి లోపలికి వస్తూనే ఇల్లంతా ఒకసారి కలియజూసి, గొంతు పెంచింది.

“ఏంటమ్మా ఇది! మా సీలింగంతా నాశనమైపోయింది. మేస్త్రీ వస్తున్నాడు, పడగ్గది గోడ పగలగొట్టాలి. బీరువా ఖాళీ చెయ్యి.”

“ఆయన్ని ఒక్కమాట అడగాలండీ…”

“ఆయనకి చెప్పే వచ్చాను. కానియ్యి.”

పైన మైకు గరగరలాడింది. సంఘం అధ్యక్షుడు దశరథరామయ్య గొంతు. “ముందుగా అందరూ సెల్‌ఫోన్లు ఆపెయ్యండి. కృష్ణకాంత్ గారూ, మీది కూడానండి. ఇవాళ పెళ్లికొడుకు మీరే!” నవ్వులు వినిపించాయి.

కావేరి బీరువా తెరిచి బట్టలు తీసి మంచం మీద పడేస్తోంది.

“నీ సర్టిఫికెట్లేవి? ఆధార్ కార్డు? పిల్ల బర్త్ సర్టిఫికెట్? తడిస్తే సంఘానిది పూచీ కాదు.”

రాగసుధ చూపు భర్త చొక్కాల వైపు పోయింది. అవన్నీ వాటి కిందే ఉన్నాయి. ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానన్నాడు. తను ముట్టుకుంటుందో లేదో చూడమని ఈవిణ్ణి పంపించి ఉంటాడు. ఇది పరీక్షే, సందేహం లేదు.

“నాకు తెలీదండీ,” అంది.

కావేరి ఆమె చూపు వెళ్లిన వైపే చెయ్యి పెట్టి కవరు లాగింది. తను తెచ్చిన సంచిలో పడేసింది. పైన పిల్ల గౌన్లు కుక్కింది.

“నిన్న సాయంత్రం మీ ఇంట్లో ఆ చప్పుడేంటి?”

“స్టూలు పడిందండీ.”

“మొన్న?”

“అదీ… స్టూలేనండీ.”

కావేరి సంచి మూతి బిగించింది. పైన ఎవరో అంటున్నారు, “ఇలాంటి మంచి మనిషి మన మధ్య ఉండటం మన అదృష్టం.” చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇప్పుడు తను గొంతు చించుకుని అరిచినా ఆ చప్పట్లు కొట్టేవాళ్లలో ఒక్కరూ నమ్మరని రాగసుధకి తెలుసు.

“దుమ్ముకి పిల్ల తట్టుకోలేదు. మా ఇంట్లో కూర్చుందురుగాని, పద,” అంది కావేరి హాల్లోకి వచ్చి, పక్కింటికి వినబడేంత గట్టిగా.

మెట్లు దిగారు. కావేరి ఇంటి తలుపు వచ్చింది. ఆవిడ ఆగకుండా దాటిపోయింది.

“ఆంటీ, మీ ఇల్లు…”

“నడువు.”

వెనక గేటు దగ్గర కారు ఆగి ఉంది. నల్లద్దాలు. ఇంజను నడుస్తూనే ఉంది.

రాగసుధ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పోయిన వారం కృష్ణకాంత్ తాపీగా అన్నమాటలు చెవుల్లో మోగాయి. ‘నీకు పిచ్చని సంఘం వాళ్లచేత సంతకాలు పెట్టిస్తాను. కారొచ్చి తీసుకుపోతుంది. పిల్ల మాత్రం నా దగ్గరే ఉంటుంది.’

వచ్చేసింది ఆ కారు. అందుకేనన్నమాట బట్టలు సర్దించింది. ఆమె స్నేహని గుండెలకి అదుముకుని, రెండో చేత్తో గేటు ఊచ పట్టుకుంది.

“ఆంటీ, మీ కాళ్లు పట్టుకుంటాను. నాకు పిచ్చి లేదండీ. పిల్లని లాక్కోకండి. పైకి వెళ్లిపోతాను, ఎవరికీ ఏమీ చెప్పను, నిజం…”

“ఇప్పుడు జగన్నాథరావు గారు నాలుగు మాటలు చెబుతారు,” అంది పైన మైకు.

కావేరి ఊచ మీద బిగిసిన ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ పొద్దున మొదటిసారి గొంతు తగ్గించింది.

“ఎక్కు తల్లీ, లోపల మీ అమ్మ ఉంది, పైన సన్మానం ఇంకో గంట సాగదీస్తాం.”