కిటికీ పక్క కుర్చీ

"రీడింగ్ రూం పేపరంటే నలుగురిదీ. మీ ఒక్కరిదే అనుకున్నారా?"

ఫర్హానా గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన ఉలిక్కిపడి తలెత్తాడు. గంట నుంచి అదే పేజీ. ఇంగ్లీషు పేపర్‌ని ముక్కు దగ్గరగా పట్టుకుని, ఒక్కో లైను కింద వేలు జరుపుకుంటూ చదువుతున్నాడు.

రీడింగ్ రూం చూసుకునే తిప్పేస్వామి టీకి వెళ్లాడు. ఆమెను వారించేవాళ్లు ఎవరూ లేరు.

"తీసుకోమ్మా." పెద్దాయన మడతలు సరిచేసి పేపర్ అందించాడు. "ఏం పరీచ్చకు సదువుతాండావు?"

"క్యాట్. ఎంబీయేకి."

అంతకుమించి చెప్పలేదు. లాక్కున్నట్టే తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె తొందర ఆమెది. పోయిన ఏడాది లెక్కల్లో తొంభై ఆరు పర్సంటైల్ వచ్చింది. ఇంగ్లీషులో అరవై దాటలేదు. ఒక్క భాగంలో తప్పినా మంచి కాలేజీ ఏదీ పిలవదు. మార్కెట్ యార్డులో పత్తి కాటాలు వేసే నాన్న అబ్బాస్ అలీ, ఇదొక్క ఏడాదే అని తేల్చి చెప్పాడు.

ఆదోనిలో ఆ పరీక్ష రాసేవాళ్లు ఇంకెవరున్నారో ఆమెకు తెలియదు. తోడుగా మొదలుపెట్టిన జాస్మిన్ హైదరాబాదులో కోచింగ్‌కు పోయింది. దాని మెసేజీలు మొదట రోజుకొకటి, తర్వాత వారానికొకటి, ఇప్పుడు అవీ లేవు.

ఫోన్‌లో పేపర్ చదవబోతే రెండు పేరాలు కాగానే చందా కట్టమంటుంది. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులో మైకు మూసుకుని కూర్చోవాలి. ఒక్కోరోజు ఇంటికి పోయే దారిలో, పొద్దున్నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని గుర్తొచ్చి దిగులేసేది.

మర్నాడు ఆమె వచ్చేసరికి ఇంగ్లీషు పేపర్ ఆమె బల్ల మీదే ఉంది. పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఊరికే తెలుగు పేపర్ తిప్పుతున్నాడు.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే.

ఒక్క మాటకే దారికొచ్చాడులే అనుకుంది ఫర్హానా.

ఒకరోజు ఆమె సంపాదకీయంతో కుస్తీ పడుతుంటే ఆయనే లేచి వచ్చాడు.

"ముందు ఆకరి పేరా సదువమ్మా. రాసినాయప్ప యాడికి పోతాండాడో తెలుస్తాది. అప్పుడు మొదట్నుంచి రా, దారి తప్పవు."

"మీకు ఇంగ్లీషు వచ్చా?"

"ఎమ్మిగనూరు చేనేత సంఘంలో గుమాస్తాగా సేసినాలేమ్మా. ముప్పై ఏండ్లు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసినా."

"ఊఁ" అని తల వంచుకుంది. మాటల్లో పడితే టైము పోతుందని భయం.

ఆయన బల్ల మీదికి కాస్త వంగాడు.

"రోంత పైకి సదవరాదా తల్లీ? నేనూ ఇంటా."

"పైకి చదివితే నాకు తలకెక్కదు తాతా."

"అట్లనా. సరేమ్మా, నీ పని చూసుకో."

నాలుగున్నరకు క్లాసు కోసం ఆమె లేచేది. అప్పటికీ ఆయన ఆ కుర్చీలోనే ఉండేవాడు. ఇంతసేపు ఈడ ఏం పనో ఈయనకు అనుకునేది. అడగలేదు.

నవంబరులో కర్నూలు పోయి పరీక్ష రాసింది. ఇంగ్లీషు భాగంలో పేజీడు పొడవున్న పాసేజీ ఎదురైంది. కళ్లు వాటంతటవే ఆఖరి పేరాకు పోయాయి. అక్కణ్నుంచి మొదటికి వచ్చింది. దారి తప్పలేదు.

డిసెంబరులో ఫలితం వచ్చింది. ఇంగ్లీషులో తొంభై మూడు.

అమ్మ జొహరాబీ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది. "ఎన్నికి తొంభై మూడు?" అన్నాడు నాన్న. ఆమె పర్సంటైల్ అంటే ఏమిటో చెప్పబోయి, సగంలో ఆపేసింది. జాస్మిన్‌కు మెసేజీ పెట్టింది. జవాబు రాలేదు.

ఈ తొంభై మూడు ఎంత కష్టమో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరేమిటో కూడా తనకు తెలియదు.

ఆయనకు చెబుదామని, పరీక్షయిన నెలకు మళ్లీ రీడింగ్ రూం మెట్లెక్కింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"తిప్పేస్వామన్నా, ఆడ కూర్చునే తాత రాలేదా?"

"కేశవులు సారా? ఆయప్పకు సూపు పూర్తిగా పోయిందమ్మా. పోయిన వారం సెల్లెలొచ్చి ఎమ్మిగనూరుకు పిలుచుకొని పోయింది."

"చూపు పోయిందా?"

"ఏడాదిగా తగ్గుతానే ఉండె. కండ్లు కనపడినన్ని దినాలు సదువుకుంటా స్వామీ అనేవాడు. ఆయప్ప ఉండే గదిలో ఎలుతురు లేదు. అందుకే ఈ కిటికీకాడికి వచ్చేవాడు."

రోంత పైకి సదవరాదా అన్న మాట ఫర్హానాకు మళ్లీ వినబడింది. సిగ్గేసింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఒక్క పేరా చదివి వినిపించి ఉంటే తన సొమ్మేం పోయేది?

ఎమ్మిగనూరు ఎంత దూరం? బస్సులో గంట. ఈరోజే పోవాలి.

"అన్నా, ఇంగ్లీషు పేపర్ ఈ ఒక్కరోజుకు ఇస్తావా? తీసుకుపోయి ఆయనకు చదివి వినిపిస్తా. రేపు పొద్దున్నే తెచ్చిస్తా."

తిప్పేస్వామి ఆమె వంక వింతగా చూశాడు.

"మన రూముకు ఇంగ్లీషు పేపర్ యాడొస్తాదమ్మా? అది కేశవులు సారు దినామూ కొనుక్కొని తెచ్చుకునే పేపరు. నువ్వు లేసి పోయినంక, పొద్దు గుంకేదాకా సదువుకునేవాడు."