ఆదెప్ప ఆమెన్

ఆదెప్ప పక్కన కూర్చుంటే చాలు, పైకి ప్రార్థన చేయడానికి పాలెంలో అందరూ జంకేవాళ్ళు.

వాడికి ముప్పై ఏళ్ళు. మనసు మాత్రం ఆరేళ్ళ పిల్లాడిది. విడపనకల్లుకు రెండు మైళ్ళలో ఉన్న ఆ మట్టిగోడల మందిరంలో ఎవరు ఏం అడిగినా వాడే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. అంతటితో వదిలినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే వాళ్ళ గడప ముందు నిలబడి, “ఇచ్చినాడా?” అని అడిగేవాడు.

బావిలో నీళ్ళు పడాలని అడిగిన రంగన్నను నెల రోజులు వదల్లేదు. మోకాళ్ళ నొప్పి పోవాలని అడిగిన తిప్పమ్మ, వాడు ఎదురైతే కుంటకుండా నడవడం అలవాటు చేసుకుంది.

ఉపదేశి యేసన్నకూ ఇది తప్పలేదు. అది యాభై మూడో సంవత్సరం. వరసగా మూడో ఏడు వానలు లేవు. ప్రతి ఆదివారం ఆయన వాన కోసం ప్రార్థించేవాడు. ప్రతి సోమవారం ఆదెప్ప వచ్చేవాడు.

“వాన ఇచ్చినాడా, అయ్యా?”

“ఇంకా ల్యాదప్పా.”

“ఇస్తాడులే. అడిగితిమి కదా.”

ఒక సోమవారం ఆ మాటకు యేసన్నకు సిగ్గేసింది. మూడేళ్ళుగా వాన అడుగుతున్నాడు. ఆమెన్ అన్నాక ఒక్కసారైనా తలెత్తి ఆకాశం చూసింది లేదు. ఆ రోజు నుంచి చూడడం మొదలుపెట్టాడు. మబ్బు తునక కూడా ఉండేది కాదు. అయినా చూసేవాడు. ఇన్నేళ్ళు బైబిలు చదివిన తనకు, అడగడమంటే ఏమిటో వీడే నేర్పాడనుకున్నాడు.

తాను మాత్రం వాడికి ఏమీ నేర్పలేకపోయాడు. పరలోక ప్రార్థన చెప్పించబోతే “మా తండ్రీ” దగ్గరే ఆగిపోయేవాడు. “పిలిస్తిని కదయ్యా, పలుకుతాడు” అని లేచి పోయేవాడు.

వాడికి తల్లి నల్లమ్మ తప్ప వేరే దిక్కు లేదు. ఆమె కరువు పనిలో కంకర కొట్టేది. పనికి పోయే ముందు రోజూ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, గుమ్మం దాటి వినపడకుండా ప్రార్థన చేసుకునేది. ఆ ఏడు ఆమెకు దగ్గు ముదిరింది. దగ్గినప్పుడల్లా కొంగుకు రక్తం అంటుతోంది. ఆరోగ్యం కోసం అడుక్కుంటోంది కాబోలుననుకున్నాడు యేసన్న. మీయమ్మ అడిగింది ఇచ్చినాడా అని ఒకసారి తనే ఆదెప్పను అడిగాడు.

“ఇస్తాడులే” అన్నాడు వాడు, నవ్వుతూ.

శ్రావణంలో ఆదెప్పకు జ్వరం తగిలింది. మూడు రోజులైనా దిగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నల్లమ్మ మందిరానికి వచ్చింది. ఎప్పుడూ లోపలికి వచ్చి మోకరించే మనిషి, గుమ్మంలోనే ఆగిపోయింది.

“అయ్యా, ప్రభువును ఒకటి అడిగి, మళ్ళా వద్దనొచ్చునా?”

ఏదో మొక్కుకుని తీర్చలేకపోతోందనుకున్నాడు యేసన్న. మన కష్టం ఎరిగినవాడు, చెప్పుకుంటే వింటాడని ధైర్యం చెప్పాడు.

“చెప్తానే ఉండాను. వాడు ఆమెన్ అనడం ల్యాదు.”

జ్వరంలో తెలివి ఉండదులెమ్మని సర్దిచెప్పి, ఆమె వెంట వెళ్ళాడు. ఆదెప్ప చాప మీద పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. యేసన్న వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డను బాగుచెయ్యమని ప్రార్థించాడు. ఆమెన్ అన్నాడు. వాడు అనలేదు. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. తల్లి వైపే చూస్తున్నాడు.

మర్నాడు పొద్దు పైకి రాకముందే పోయాడు.

ఎర్రనేల రాయిలా బిగుసుకుపోయి, గొయ్యి తవ్వడానికి నలుగురు మగవాళ్ళకు సగం రోజు పట్టింది. అందరూ వెళ్ళిపోయాక నల్లమ్మ ఆ మట్టి మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయింది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. యేసన్న ఒక్కడే ఆగి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఇన్నేండ్లలో వానికి ఒక్క ప్రార్థనన్నా నేర్పల్యాకపోతిని, అక్కా.”

“ఒకటి వచ్చయ్యా వానికి. నా పక్కన కూచ్చోని విని నేర్చుకున్యాడు. జరమొచ్చినాక నేను ఆ ప్రార్థన మానుకుంటే, దినామూ వాడే మొదలు నుంచి తుదిదాకా చెప్తా వచ్చినాడు.”

ఏ ప్రార్థన అని అడిగాడు యేసన్న.

నల్లమ్మ మట్టి మీది చెయ్యి తియ్యకుండానే, కొడుకు పలికినట్టే ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చెప్పింది: “ప్రభువా, నేను పోయినాక నా బిడ్డకు ఇంత గంజి పోసేవాళ్ళు ల్యారు, నా కన్నా ముందర వాన్ని పిల్చుకపో, ఆమెన్.”