రెండో గ్రాఫు

మంగళవారం పొద్దున ఏడింటికి రెండు అడవుల మధ్య మిగిలిన చివరి దారిని కంచెతో మూసేశారు.

జింకలు, తోడేళ్ళు రోడ్డు దాటి ఆ దారినే అటూ ఇటూ తిరిగేవి. ఒక అడవిలో జింకలు అయిపోవస్తే రెండో అడవి నుంచి కొన్ని వచ్చి చేరేవి. దారి మూస్తే ముందు జింకలు, వాటి వెనకే తోడేళ్ళు అంతరించిపోతాయని లెక్క కట్టిన పరిశోధకురాలు కంచె పక్కనే నిలబడింది. కంచె వేయించిన రోడ్ల ఇంజినీరు ఆమె అన్నయ్యే.

"దారి మూస్తే జింకలు పెరుగుతాయని మీటింగులో గ్రాఫు చూపించింది నువ్వే కదమ్మా!"

"ముందు తేలిక లెక్క చూపించడం మాకు అలవాటు అన్నయ్యా. అందులో ఒకే అడవి, మూడే ఏళ్ళు. అసలు సంగతి రెండో గ్రాఫులో ఉంది."

"రెండోది వచ్చేసరికి మా ఆఫీసు పెద్దాయన టీకి లేచాడు. ఆయన లేచాక ఇంకెవరు కూర్చుంటారే?"

"పోనీ, ఒక్క గేటు పెట్టించు."

"సంతకాలయ్యాక నా చేతుల్లో ఏముంది? జింకలు తగ్గితే అప్పుడు చూద్దాంలే."

ఆమె సంచిలోంచి రెండో గ్రాఫు తీసి మళ్ళీ చూసుకుంది. బళ్ళ కింద పడి చావడం ఆగుతుంది కాబట్టి మూడేళ్ళు జింకలు పెరుగుతాయి. వాటిని తిని తోడేళ్ళూ పెరుగుతాయి. ఆ తర్వాత జింకలు తగ్గడం మొదలైతే, అప్పటికి రెండు అడవుల్లోనూ తోడేళ్ళే ఎక్కువై ఉంటాయి కాబట్టి గేటు పెట్టినా ఆగదు.

వచ్చే ఏడాది ఇదే వారం జింకలను లెక్కపెడతారు. ఎక్కువే తేలతాయి. మొదటి గ్రాఫు నిజమైనందుకు ఆ సాయంత్రం ఐదింటికి ఆమెకు సన్మానం. అధ్యక్షత పెద్దాయనదే.