యోరిస్ సొంత కల్పన

తడి ఆరని అచ్చు కాగితాన్ని యోరిస్ గబుక్కున చొక్కాలో దోపుకున్నాడు.

సిరా బదులడగడానికి, తనలాగే రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే గిలిస్ ఇంటికి వచ్చాడతను. గిలిస్ లేడు. అతని భార్య మాయ్కెన్ సిరా కోసం లోపలికి వెళ్లింది. తీగ మీద ఆరేసిన కాగితాల్లో ఒక పతకం బొమ్మ కనిపించింది. సముద్రపు గుర్రమెక్కి, కుడిచేత త్రిశూలం పట్టిన నెప్ట్యూన్ దేవుడు, కింద వేలాడే ముత్యాలు. అబ్బ, ఏం పతకం! ఇలాంటి నమూనా దొరికితే ఆంట్‌వెర్ప్ కంసాలులు వదులుతారా? పైగా దాని మీద ఎవరి పేరూ లేదు.

"ఎప్పుడూ మా సిరాయేనా? నీ పేరుతో ఒక్క బొమ్మయినా ఎప్పుడు వేస్తావయ్యా?" నవ్వుతూ బుడ్డి అందించింది మాయ్కెన్.

"ఈ సంతకే వదినా! చూస్తూ ఉండు."

పైకి నవ్వాడే గానీ ఆ మాట చురుక్కుమంది. పన్నెండేళ్లుగా ఇతరులు గీసిన బొమ్మలే రాగిరేకుల మీద చెక్కుతున్నాడు. సొంత కల్పన ఒక్కటి చూపిస్తే గానీ చెక్కడం పనివాళ్ల సంఘం అతన్ని మేస్త్రీగా ఒప్పుకోదు, సొంత దుకాణం పెట్టనివ్వదు.

మొద్దులైతే కాగితం చూసి ఉన్నదున్నట్టు రేకు మీద చెక్కేస్తారు. అచ్చు తీస్తే కుడి ఎడమైపోతుంది, త్రిశూలం ఎడమచేతికి మారుతుంది, కాపీ అని ఊరంతా పసిగడుతుంది. యోరిస్ అంత అమాయకుడా? అద్దంలో చూసుకుంటూ గీత గీతా చెక్కాడు. అడుగున 'యోరిస్ సొంత కల్పన' అని పెద్దక్షరాలు వేశాడు. గిలిస్ ఇంటి నుంచి తెచ్చిన కాగితాన్ని పొయ్యిలో పడేశాడు.

సంత మొదటిరోజే అతని అచ్చుల కోసం కంసాలులు ఎగబడ్డారు. మధ్యాహ్నానికి కొత్వాలు కూడా వచ్చాడు, వెనక ఇద్దరు భటులతో. గిలిస్ ఫిర్యాదు చేశాడన్నమాట! యోరిస్ దానికి సిద్ధంగానే ఉన్నాడు.

"ఇది నీదేనా?"

"పేరు చూడండి దొరా. అచ్చంగా నాదే."

"గిలిస్ ఇంట్లో ఇలాంటిది చూడలేదూ?"

"మేరీమాత మీద ఒట్టు! వాడు గీసిందేదీ నా కంటపడలేదు."

"బాగా ఆలోచించుకునే చెప్పు."

"ఎన్నిసార్లడిగినా అదే మాట!"

కొత్వాలు యోరిస్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పోయిన నెల గవర్నరు దొరసాని పెట్టెలోంచి పోయిన పతకమిది. ఎవడైనా అమ్మజూపితే పట్టివ్వమని కంసాలులకు పంచడానికి, ఆవిడ పోలికలు చెబుతుంటే మేమే గిలిస్ చేత ఆ బొమ్మ చెక్కించాం. అది నువ్వు చూడలేదంటే, అసలు పతకాన్నే చూశావన్నమాట!"