ఢిల్లీలో ఏమని చెప్పాలి

"ఢిల్లీ నువ్వు చూశావంటగా తల్లీ?"

నిహారిక తలుపు తీసేసరికి పుల్లయ్య గుమ్మంలో ఉన్నాడు. వెనక వాటాలో కొత్తగా అద్దెకు దిగిన ముసలాయన.

"చూశాను తాతయ్యా. ఎన్‌సీసీ క్యాంపుకి తీసుకెళ్లారు."

"నేను పోవాల. రాష్ట్రపతి ఉండే కాడికి."

నిహారికకు నవ్వు రాలేదు. సంగతేమిటో గురజాలలో ఆ వీధి మొత్తానికీ తెలుసు. ఏళ్ల కిందట ఎన్నికల గొడవల్లో ఒక పల్లెలో ఇల్లు తగలబెట్టారు. లోపల ముగ్గురు కాలిపోయారు. వెనకున్న పెద్ద తలకాయలు సాక్ష్యం లేక బయటపడ్డాయి. పెట్రోలు పోసిన వంశీకృష్ణకు మాత్రం ఉరి పడింది. సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఇక మిగిలింది రాష్ట్రపతి క్షమాభిక్ష ఒక్కటే. ఆ కుర్రాడి ప్రాణం కోసమే ముసలాయన లాయర్ల చుట్టూ తిరుగుతున్నాడని, సొంత ఊళ్లో ఉండలేక భార్యతో సహా ఇక్కడికొచ్చి పడ్డాడని చెప్పుకునేవారు.

"మనుషుల్ని తగలబెట్టినోడి తండ్రికి నువ్వు దారి చూపిస్తావంటే?" అంది తల్లి హిమబిందు వంటింట్లోంచి. గొంతు తగ్గించలేదు.

పుల్లయ్యకు వినపడింది. చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాడు.

నిహారికకు మనసొప్పలేదు. ఫోనులో పటం తెరిచి పక్కన కూర్చుంది. బెజవాడలో రైలెక్కాలి. న్యూఢిల్లీలో దిగి మెట్రో పట్టుకోవాలి. ఆ మెట్రో ఎక్కడ మారాలో, ఎక్కడ దిగాలో చెప్పింది. చెబుతూ చెబుతూ తను చూసిన ఎర్రకోట గురించీ, ఇండియా గేటు గురించీ, ఊరంతా కనబడే పాతకాలపు గుమ్మటాల గురించీ మొదలుపెట్టింది.

"అయ్యన్నీ చూసే కళ్లు కావు తల్లీ ఇయ్యి. ఆ భవనం గేటు ఎటుందో చెప్పు, చాలు."

"గేటు దగ్గరే ఆపేస్తారు తాతయ్యా. లోపలికి పంపరు."

"ఆడే కూర్చుంటా."

"అక్కడా కూర్చోనివ్వరు. లాయరు గారు అర్జీ పంపారుగా?"

"పంపాడు. కాయితం ఏడవదు కదమ్మా."

నిహారిక ఫోను పక్కన పెట్టింది.

"రాజమండ్రి జైలుకి పొయ్యి వాణ్ణి చూశా," అన్నాడు పుల్లయ్య. "నా మొహం చూడలేక కిందికి కూలబడిపొయ్యాడు. ఇంట్లో ఎవురూ లేరని చెప్పారంట వాడికి. పెట్రోలు క్యాను చేతికిచ్చినోళ్లు హాయిగా తిరగతన్నారు. మీసం కూడా సరిగ్గా రాని వయసమ్మా అది. చానా చిన్నోడు. వాణ్ణి ఉరి తీస్తే ఎవురు తిరిగొస్తారు? ఇంకో ఏడుపు తప్ప."

వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్న ఆయన భార్య రాజరత్నం ఒక్కసారిగా అరిచింది.

"వాడి పేరు నా కాడ ఎత్తొద్దన్నానా! నువ్వు పోతే పో. నన్ను రమ్మనబాక!"

పుల్లయ్య తల వంచుకున్నాడు. కన్నతల్లి కూడా కాదనుకుందే అనుకుంది నిహారిక.

మర్నాడు తత్కాల్ టికెట్ల కోసం ఫోను పట్టుకుని కూర్చుంది. పుల్లయ్య వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చివరికి అన్నీ అయిపోయాయని చూపించింది. ఆ మరునాడూ అంతే.

ఇంతలో లాయరు సుధీర్ బాబు ఫోను చేశాడు. ఫైలు పైకి వెళ్లిపోయిందట. అర్జీ తోసిపుచ్చుతూ ఏ రోజైనా సంతకం పడొచ్చట.

పుల్లయ్య నిహారిక దగ్గరికొచ్చాడు. "తల్లీ, టికెట్టు లేకపోయినా జనరల్ పెట్టెలో ఎక్కనిస్తారుగా?"

"ఎక్కనిస్తారు. కానీ ఢిల్లీ దాకా నిలబడాలి. కాలు పెట్టే చోటు కూడా ఉండదు."

"నిలబడతా. ఒంటికాలి మీదయినా నిలబడతా. నేను పొయ్యేలోపల సంతకం పడకపోతే చాలు."

ఆ సాయంత్రమే బయల్దేరాడు. నిహారిక బస్టాండు దాకా తోడు వెళ్లింది. ఇంటి గేటు దాటబోతుంటే రాజరత్నం లేచి వచ్చి, ఒక దుప్పటి మొగుడి భుజం మీద పడేసి, మాట్లాడకుండా లోపలికి పోయింది.

బెజవాడ బస్సు ఇంకా కదల్లేదు. నిహారిక కిటికీ పక్కన నిలబడి ఆఖరిసారి హిందీ మాటలు చెప్పించింది.

"ఫాసీ మత్ దీజియే. ఉరి తీయొద్దని."

"పాసీ మత్ దీజియే," అన్నాడు పుల్లయ్య. మళ్లీ మళ్లీ అన్నాడు. మర్చిపోతానేమోనని భయంగా, కళ్లు మూసుకుని అన్నాడు.

"బాగా చెప్పారు. గేటు దగ్గర వాళ్లు మొట్టమొదట ఒకటే అడుగుతారు. ఆప్‌కా కౌన్ లగ్‌తా హై అని. అంటే, ఆ అబ్బాయి మీకేమవుతాడని. మేరా బేటా అనండి. నా కొడుకని."

పుల్లయ్య పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.

"అనండి తాతయ్యా. త్వరగా. మేరా బేటా."

పుల్లయ్య కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగాడు.

"అట్టా చెప్పలేను తల్లీ," అన్నాడు. "వాడు తగలబెట్టిన ఇంట్లో కాలిపోయిన ముగ్గురూ నా బిడ్డలు."