పన్నెండో ఫిర్యాదు

మట్టిరోడ్డు మలుపులో ఒక పాత మోపెడ్ దగ్గుతూ ఆగిపోయింది. వెనక బుట్టల నిండా మొక్కలు, ముందు చిరుగుల చొక్కాలో చెమటలు కక్కుతున్న మనిషి.

"డీజిల్ మొక్కలాయన వచ్చేశాడే!" అంటూ తొందరయ్య చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురెళ్ళాడు.

ఏ పనైనా నిన్ననే అయిపోవాలంటాడు కాబట్టి అందరికీ ఆయన తొందరయ్యే. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు.

ఆ మొక్క గింజల్లోంచి డీజిల్ తీస్తారట. చుట్టుపక్కల అందరూ దానికోసం చేలు ఖాళీ చేసేశారు. తానొక్కడే వెనకబడ్డానని తొందరయ్య బెంగ.

"నా ఆరెకరాలకీ ఎన్ని పడతాయి?"

"రోడ్డు వైపు కంచెకైతే ఇవి చాలండీ."

"కంచె సంగతి ఎవరడిగారయ్యా? చేనుకి!"

"చేలో ఏం వేస్తారు మామూలుగా?"

"మొక్కజొన్న."

"అమ్ముడుపోకపోతే?"

"మేం తింటాం, గేదె తింటుంది."

"ఈ గింజ విషమండీ. ఆకు మేక కూడా ముట్టదు. కొనేది ఒక్క కంపెనీ. రేపు వాళ్ళు వద్దంటే ఏం చేసుకుంటారు?"

తొందరయ్య భార్య మంచినీళ్ళిస్తూ పకపకా నవ్వింది. "సరుకు కొనొద్దని చెప్పే బేరగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

అతనూ నవ్వాడు. ముందు పళ్ళ మధ్య వేలు పట్టేంత సందు.

"కంపెనీ జీతం తింటూ ఈ మాటలేంటయ్యా? ఆలస్యం అమృతం విషం! మిగతా మొక్కలు రేపు పొద్దున్నే తెచ్చెయ్," అన్నాడు తొందరయ్య.

అతను బుట్టలు దించి, ఒక రంగుల కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. "తీరిగ్గా చూడండమ్మా. చదవక్కర్లేదు, ఫొటో చూస్తే చాలు."

తీరిక, అదీ తొందరయ్య ఇంట్లో! ఆవిడ దాన్ని అలమర అరలో పరిచి, పైన డబ్బాలు పెట్టేసింది.

తెల్లారింది. మొక్కలు రాలేదు. వారం రోజులు కళ్ళు కాయలు కాచేలా చూసి, తొందరయ్య కంపెనీకి ఫోన్ చేసి దులిపేశాడు.

"మొక్కలు తేలేదని అతని మీద ఇది పన్నెండో ఫిర్యాదండీ. ఇవాళే పనిలోంచి తీసేస్తాం."

"తగిన శాస్తి!"

అదును దాటిపోతోందని, తిట్టుకుంటూనే ఆరెకరాల్లోనూ మళ్ళీ మొక్కజొన్నే వేశాడు. ఉన్న కాసిని మొక్కలూ కంచె వెంట పాతాడు. ఊరంతా నవ్వింది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మూడేళ్ళు తిరిగేసరికి మొక్కజొన్న వేసేవాళ్ళే లేక రేటు రెండింతలైంది. డీజిల్ గింజలు చూస్తే అనుకున్నదాంట్లో సగం కూడా కాయలేదు. గిట్టుబాటు కాదని కంపెనీ గేటుకు తాళం వేసుకుని పోయింది. ఊళ్ళో మేకలు తొందరయ్య కంచె దాకా వచ్చి, ఆకు వాసన చూసి, మూతి తిప్పుకుని వెళ్ళిపోయేవి.

"మీ జన్మలో ఆలస్యమై బాగుపడ్డ పని ఇదొక్కటే!" అంది భార్య.

తొందరయ్య నవ్వలేదు. "ఆ ఫోన్ చెయ్యడానికి మాత్రం తొందరపడ్డానే. పాపం, ఎక్కడున్నాడో!"

ఆ ఏడు పంట డబ్బుతో కొత్త అలమర వచ్చింది. పాతది ఖాళీ చేస్తూ, అరలోని రంగుల కాగితాన్ని ఉండ చుట్టబోయి ఆవిడ ఆగిపోయింది.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి."

ఫొటోలో, కనుచూపు మేర లేత డీజిల్ మొక్కల నడుమ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు పళ్ళ సందు కనిపించేలా నవ్వుతూ అతనే నిలబడి ఉన్నాడు, కింద పెద్ద అక్షరాలతో ఉంది: "తనకున్న పదిహేనెకరాల్లోనూ మన మొక్కే నాటిన మా మొట్టమొదటి రైతు."