అన్నం దగ్గర నవ్వు

"ఇంటికి నాలుగడుగుల్లో నా ఆసుపత్రి. పదేళ్లుగా అక్కడ నర్సుని. ముందే పరీక్ష చేయించుకుని ఉంటే రోజుకో మాత్రతో నిక్షేపంగా బతికేవాడివి కదరా!" అంది అక్క.

పట్నం ఆసుపత్రి మంచం మీద తమ్ముడు ఆయాసపడుతున్నాడు. హెచ్ఐవీ అని తేలేసరికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక చేసేదేం లేదని డాక్టరు పొద్దున చెప్పేశాడు.

మంచం చివర కూర్చుని వాళ్ల ఊరి దర్జీ తమ్ముడి చల్లబడ్డ పాదానికి సాక్సు తొడుగుతున్నాడు. ఎనిమిదేళ్ల స్నేహం. అది ఎలాంటి స్నేహమో అక్కకి ఇవాళే తెలిసింది.

"నువ్వైనా చెప్పొద్దూ?" అని అతని మీద విరుచుకుపడింది.

"రెండేళ్ల కింద మీ దగ్గరికే తీసుకొచ్చానక్కా. గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగాడు."

"ఏం, నేనేమైనా పులినా?"

తమ్ముడే మెల్లగా అందుకున్నాడు.

"ఆ లారీ డ్రైవరు గుర్తున్నాడా అక్కా? మగవాళ్లతో తిరిగి జబ్బు తెచ్చుకుని నీ దగ్గరికొచ్చాడని అన్నం దగ్గర చెప్పావు. వాడెలా నడిచాడో లేచి నడిచి చూపించావు. నవ్వి నవ్వి అమ్మకి పొలమారింది."

అక్కకి గుర్తొచ్చింది.

"నువ్వూ నవ్వావు కదరా," అంది.

"అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వకపోతే నీకు తెలిసిపోతుందని."

అక్క రెండో సాక్సు తీసుకుని తమ్ముడి కాలు పట్టుకుంది. తొడగలేక, దర్జీకే ఇచ్చేసింది.